పనికి బడిలో పెద్దపీట

వృత్తివిద్య గొప్పదని చెప్పే ఉపన్యాసాలు చాలా విన్నాం. రేపు తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లిన టీచరు ఏం చేయాలో చెప్పే పుస్తకాలు మాత్రం తెలుగులో అరుదు. ఉప్పల్, నాచారం ప్రాంతపు ఉన్నత పాఠశాలల పిల్లలతో పనిచేస్తున్న ఒక వొకేషనల్ టీచరు ఆ కొరత తీర్చడానికి పూనుకుంది. ఆమె రాసిన ఈ పుస్తకానికి నాలుగు మాటలు రాయమని అడిగినప్పుడు సంతోషంగా ఒప్పుకున్నాను. చదివాక ఆ సంతోషం రెట్టింపైంది.

ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడంలోనే రచయిత్రి చూపు తెలుస్తుంది. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది, మెట్రో రైళ్ల డిపో ఉంది. రామంతాపూర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. అంగన్‌వాడీ పిల్లలు తినే బాలామృతం తయారయ్యేది నాచారం పారిశ్రామికవాడలోనే. మల్లాపూర్ దాటి చర్లపల్లికి వెళితే ప్లాస్టిక్ పరిశ్రమకు మనుషులను తయారుచేసే సీపెట్ ఉంది. ఇన్ని ఉన్నా, ఈ గేట్ల ముందు నుంచే రోజూ బడికి నడిచే పిల్లల్లో చాలామందికి లోపల ఏం జరుగుతుందో తెలియదు. వాళ్లలో కొందరి తల్లిదండ్రులు ఆ షెడ్లలోనే షిఫ్టులు చేస్తారు. అయినా అమ్మానాన్నల పని గురించి బడిలో ఒక్క పాఠం కూడా ఉండదు. ఈ పుస్తకం అక్కడి నుంచే మొదలవుతుంది.

పనిని బడిలోకి తేవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1937లో వార్ధా విద్యా సదస్సులో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. 1964-66 నాటి కొఠారి కమిషన్ పని అనుభవాన్ని పాఠశాల విద్యలో భాగం చేయమంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పనికి టైంటేబుల్లో చోటు అడిగింది. 2020 జాతీయ విద్యావిధానం, 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్యతో పరిచయం కలగాలని, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులపాటు సంచి లేని బడి ఉండాలని చెప్పింది. కాగితం మీద లోటు లేదు. కానీ పని అనుభవం పీరియడ్ లెక్కల సారుకో, సైన్సు టీచరుకో సిలబస్ పూర్తి చేసుకోవడానికి పోవడం బడిలో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు. ఇప్పటికీ ప్రోగ్రెస్ కార్డులో 'పని, కంప్యూటర్ విద్య' అనే గడిలో గ్రేడు పడుతుంది గాని పిల్లవాడి చేతిలో పనిముట్టు పడదు.

ఎందుకిలా? చదువు అబ్బని వాళ్లకే చేతిపని అనే మాట మన ఇళ్లలో పాతుకుపోయింది. ఈ మాటను రచయిత్రి నేరుగా ఎదుర్కొంది. వెర్నియర్ కాలిపర్స్‌తో ఇనుప కడ్డీ మందం కొలిచే పిల్లకు దశాంశాలు ఎందుకో అర్థమవుతాయని, కుట్టుమిషన్ దగ్గర కొలతలు తీసే పిల్లవాడు రేఖాగణితమే చేస్తున్నాడని ఉదాహరణలతో చూపింది. ఆడపిల్లలకు కుట్టు, మగపిల్లలకు కరెంటు అనే పంపకాన్ని ఒప్పుకోలేదు. పని అందరికీ పాఠమే అన్నది ఈ పుస్తకం నిలబెట్టిన సూత్రం. నా మాట కూడా అదే.

వృత్తివిద్య తీసుకుంటే పై చదువుల దారి మూసుకుపోతుందన్న భయానికీ జవాబు ఇందులో ఉంది. ఇంటర్‌లో వొకేషనల్ కోర్సు చదివినవారు బ్రిడ్జి కోర్సు రాసి డిగ్రీ, ఇంజనీరింగ్ వైపు వెళ్లవచ్చు. 1986 సవరణ తర్వాత అప్రెంటిస్ చట్టం వీళ్లకూ స్టైపెండుతో కూడిన శిక్షణకు వీలు కల్పించింది. ఈ రెండు సంగతులు తెలియక వెనకడుగు వేసిన కుటుంబాలు ఎన్నో.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది విద్యార్థుల కెరీర్ క్లబ్బు అధ్యాయం. అమెరికాలో వ్యవసాయ విద్యార్థుల సంఘం ఎఫ్‌ఎఫ్‌ఏ 1928లోనే పుట్టింది. నేటి స్కిల్స్‌యూఎస్‌ఏకు మూలమైన సంఘం 1965లో మొదలైంది. వృత్తి నేర్చే పిల్లలే సమావేశం నడపాలి, లెక్కలు రాయాలి, పోటీలు పెట్టుకోవాలి అన్నది వాటి పద్ధతి. రచయిత్రి ఆ పద్ధతిని మన బడికి సరిపడేలా మలిచింది. పనిముట్ల రిజిస్టరు ఒకరిది, ఫ్యాక్టరీ మేనేజరుకు ఉత్తరం రాసే బాధ్యత ఇంకొకరిది, సందర్శన నివేదిక మరొకరిది. అతిథులుగా ముందు పిలవాల్సింది పిల్లల తల్లిదండ్రులనే అంటుంది. ఫిట్టరుగా పనిచేసే తండ్రి బోర్డు ముందు నిలబడి తన పని వివరిస్తుంటే, ఆ పిల్లవాడు తరగతిలో తల ఎత్తుకుని కూర్చుంటాడు. ఆ గౌరవం ఏ మార్కులూ ఇవ్వలేవు.

ఒక విషయంలో రచయిత్రి గీసిన గీతను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. నేర్పే పేరుతో పిల్లల చేత చాకిరీ చేయించుకోవడం వృత్తివిద్య కాదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఉద్యోగంలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని ప్రమాదకర పనుల్లో పెట్టుకోకూడదంది. సందర్శనకు ముందు భద్రతా పాఠం, వెంట టీచరు, తల్లిదండ్రుల అనుమతి, పరీక్షల రోజుల్లో విరామం అన్న నాలుగు నిబంధనలను ఈ పుస్తకం ఎక్కడా సడలించలేదు.

రెండో కూర్పులో దగ్గర్లోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో ప్రవేశాల వివరాలు చేర్చమని, పొట్ట చేత పట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల కోసం ఒక అధ్యాయం రాయమని కోరుతున్నాను.

ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. వారానికి రెండు పీరియడ్లు ఈ పనికి కేటాయించండి, వాటిని ఎవరికీ అప్పివ్వకండి. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పరిశ్రమల యజమానులారా, నెలకు ఒక్క పూట మీ గేటు పక్క బడి పిల్లలకు తెరవండి. రచయిత్రికి నా ఆశీస్సులు. ఈ పుస్తకం ప్రతి ఉన్నత పాఠశాల స్టాఫ్‌రూములో ఉండదగినది.