ఆటలో ఊపు – కడుపులో వికారము

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీదుగా విజయవాడ పోవు బస్సులో సెల్‌ఫోను మీదికి తల వంచి కూర్చున్నవానికి కొంతసేపటికి వికారము పుట్టుట అందరెరిగినదే. అచ్చట శరీరము కదలుచున్నది. కంటి యెదుట తెర మాత్రము నిలుకడగా నున్నది. ఆ పేటలలోనే, ఇంట కుర్చీలో కదలక కూర్చుండి కంప్యూటరుపై ఆడుకొను బాలునికిని అదే బాధ కలుగవచ్చును. ఇచ్చట వ్యవహారము తలక్రిందులు: పరుగెత్తుచున్నామని కన్ను చెప్పును, కూర్చున్నామని చెవి చెప్పును.

చెవికి దీనితో పని యేమి? లోపలి చెవిలోని మూడు అర్ధవర్తుల కుల్యలు తల యెటు తిరిగినదియు, వాని చెంతనున్న పేటిక ముందువెనుకల కదలికను, వాలును మెదడునకు తెలుపును. 1882లో విలియం జేమ్స్ వినికిడి లేనివారిని పరీక్షింపగా, గిరగిర త్రిప్పినను వారిలో అనేకులకు తల తిరుగలేదు. కంటి వార్తయు చెవి వార్తయు పొసగనప్పుడే వికారము కలుగునని రీజన్, బ్రాండ్ అనువారు 1975 నాటి తమ గ్రంథమున వివరించిరి.

ఈ దృష్టితో 2011లో పూర్తిరూపమున వెలువడిన 'మైన్‌క్రాఫ్ట్' ఆటను పరిశీలింపదగును. అందు మనిషి నడచునప్పుడెల్ల దృశ్యమంతయు అడుగడుగునకు ఊగును. 'వ్యూ బాబింగ్' అను ఈ ఏర్పాటు మొదటినుండియే పనిచేయుచుండును. ఇట్టి ఊపునకు సాధారణముగా చెప్పబడు సమర్థన సహజత్వము. అది నిజమా?

తరగతిలోనే పరీక్షింపవచ్చును. పుస్తకమును నిలిపి, తలను అటునిటు వేగముగా ఊపుచు చదువుడు, అక్షరములు తెలియును. తలను నిలిపి, పుస్తకమును అంతే వేగముగా ఊపుడు, అక్షరములు అలుకుకొనిపోవును. తల కదలిన వెంటనే చెవి యిచ్చు సంకేతముచే కనుగ్రుడ్లు ఎదురుదిశకు తిరిగి దృశ్యమును నిలుపుటయే దీనికి కారణము. కావుననే నడచువానికి ప్రపంచము ఊగదు. ఆటలోని ఊపు తల కదలికను అనుకరించినది గాని, చూపును కాదు. అది లేనిచో మనిషి నేలపై జారిపోవుచున్నట్లుండునను మాటలో కొంత న్యాయమున్నది. అయినను ఆ లోటును అడుగుల చప్పుడు కొంతవరకు తీర్చగలదు.

ఈ ఆట జావా ప్రతిలో చూపుకోణము 70 డిగ్రీలుగా అమర్చబడినది. 30 నుండి 110 వరకు మార్చుకొనవచ్చును. కోణము తగ్గినకొలది, అదే మలుపునకు దృశ్యము తెరపై మరింత వడిగా దొరలును; మితిమీరి పెరిగినచో అంచులు సాగిపోవును. అందరికిని సరిపడు కొలత లేదు. ఊపును ఆపుటకును, కోణమును మార్చుటకును అవకాశమిచ్చుట మెచ్చదగినది. కాని ఆ మీటల పేర్లు అవి చేయు పనిని చెప్పునే గాని, ఎవరికి అవసరమో చెప్పవు. వికారపడిన బాలుడు వానిని వెదకడు. తానే దుర్బలుడనుకొని సిగ్గుపడును. ఊపును ఆపియుంచి, కోరినవారు పెట్టుకొనునట్లు చేయుట మేలు.

అంతవరకు ఉపాధ్యాయులు చెప్పవలసినది స్వల్పము: ఊపును ఆపవలెను, తెరకు దూరముగా కూర్చుండవలెను, చెమటగాని, డోకుగాని తోచగనే ఆట మానవలెను. అది పిరికితనము కాదు, చెవి తన పని తాను చేయుచున్నదనుటకు గుర్తు.