చెంగు ముడిలో దేశాటన

మా అక్క కూతురు డల్లాసులో చదువుకుంటోంది. క్రిందటి చలికాలం సెలవలకి ఇంటికి వస్తుందని ఎదురుచూస్తే, "పిన్నీ, టిక్కెట్టు ధర మండిపోతోంది, అందులో నాలుగోవంతు పెడితే గ్వాటెమాలా అంతా తిరిగి రావచ్చు" అని ఫోను చేసింది. వెళ్ళింది. వీపుమీద ఒక్క సంచితో ఇరవై రెండు రోజులు ఒంటరిగా తిరిగింది. ఆ ఇరవై రెండు రోజులూ మా అక్కకి నిద్ర లేదనుకోండి, అది వేరే కథ. వేసవిలో వచ్చినప్పుడు మా ఇంట్లో వారం ఉండి, వెళ్తూ వెళ్తూ, సామాను బరువెక్కువైందని అయిదు పుస్తకాలూ, తన నోటుపుస్తకమూ, ఒక ఎర్రటి నేత జాకెట్టూ నా దగ్గర వదిలేసింది. జాకెట్టు నాకు కానుకట. నోటుపుస్తకం మాత్రం, "చదువు పిన్నీ, నవ్వొస్తుంది" అంది.

నవ్వొచ్చిన మాట నిజమే. కాని ఆ అయిదూ, ఈ ఆరోదీ వరసగా చదివేసరికి నాకు నవ్వుతోపాటు ఇంకోటి కూడా వచ్చింది. అదేమిటో చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

గ్వాటెమాలా ఎక్కడుందీ అని నాలాగా మీరూ పిల్లల అట్లాసు వెతుక్కోనక్కర్లేదు. మెక్సికోకి దిగువన, అటు పసిఫిక్కూ ఇటు కరిబియన్ సముద్రమూ తగిలేలా ఉంటుంది. మన తెలంగాణా కంటే ఒక్క పిసరు చిన్న. ఆ కాస్త చోటులోనే అగ్నిపర్వతాలు, అడవులు, ఇరవైకి పైగా మాయా భాషలు. ఉష్ణమండలం కదా అని మా పిల్ల స్వెట్టరు పట్టుకెళ్ళలేదు. తీరా కెట్సాల్తెనాంగో అనే ఊరు చేరితే అది రెండు వేల మూడొందల మీటర్ల ఎత్తున ఉందిట. అందరూ దాన్ని షేలా అంటారు. మొదటి రాత్రి రెండు జతల బట్టలు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని పడుకున్నానని రాసుకుంది.

అయిదింట్లో మొదటిది దారి చూపే పుస్తకం. పేరు 'సెంట్రల్ అమెరికా ఆన్ ఎ షూస్ట్రింగ్'. షూస్ట్రింగ్ అంటే బూటుతాడు. అంత సన్నటి డబ్బుతో దేశాలు చుట్టి రావడం అన్నమాట. చెప్పులు వేసుకునేవాళ్ళం, మనకి ఆ తాడు గొడవ పట్టదు గాని, చెంగున ముడేసుకున్న డబ్బు అంటే చటుక్కున తెలుస్తుంది. ఈ రకం పుస్తకాలకి పేరు తెచ్చినవాళ్ళు టోనీ, మౌరీన్ వీలర్ అనే దంపతులు. 1972లో లండన్లో బయల్దేరి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా చేరి, ఆ ప్రయాణం ఎంత చవగ్గా చెయ్యవచ్చో 1973లో చిన్న పుస్తకంగా వేశారు. అక్కణ్ణించి ఇదొక పెద్ద వ్యాపారమైంది.

మరి దారిపొడుగునా ఏం దొరుకుతుందో రాసిపెట్టడం మనకీ కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసునుంచి కాశీకి బయల్దేరి, మజిలీ మజిలీకీ ఏ సరుకులు దొరుకుతాయో, నీళ్ళెలా ఉంటాయో వెనక వచ్చేవాళ్ళ కోసం రాసుకుంటూ పోయారు. కనక ధరలు రాయడం తప్పని నేననను. నిజానికి ఈ చవక పుస్తకాలు చేసిన మేలు చాలా ఉంది. పెద్ద హోటళ్ళలో దిగి, అద్దాల కారులోంచి దేశం చూసేవాళ్ళకి కనిపించని వీధుల్లోకి మామూలు పిల్లల్ని తీసుకెళ్ళాయి. ఆడపిల్ల ఒంటరిగా ఏ బస్సు ఎక్కవచ్చో, చీకటిపడ్డాక ఏ సందులోకి పోకూడదో అక్కలా చెప్పాయి. మా పిల్ల క్షేమంగా తిరిగొచ్చిందంటే అందులో ఆ పుస్తకానికీ వాటా ఉంది.

అయితే ముప్ఫై ఏళ్ళుగా పద్దు పుస్తకం రాస్తున్నదాన్ని కదా, నా కళ్ళు అంకెలమీదకే పోతాయి. ఈ కోవ పుస్తకాల్లో ఖర్చు కాలం ఉంటుంది, పైసాతో సహా ఉంటుంది. జమ కాలం ఉండదు. అంటే ఆ డబ్బు ఎవరింట పడిందీ, ఎంత పడిందీ, దానికి వాళ్ళెంత చాకిరీ చేశారూ అన్నది ఎక్కడా లేదు. చవక అనేది అక్కడి వాతావరణంలో ఒక భాగమన్నట్టు రాస్తారు. అక్కడ వాన పడుతుంది, అక్కడ అగ్నిపర్వతం పొగ కక్కుతుంది, అక్కడ భోజనం చవక!

మా పిల్ల నోటుపుస్తకంలో ఓ పేజీ చూడండి. షేలాలో స్పానిష్ భాష నేర్పే బడులు చాలా ఉన్నాయిట. వారానికింతని కడితే రోజుకి అయిదు గంటల చదువు, ఒక ఇంట్లో బస, మూడుపూటలా భోజనం. దాని కింద మా పిల్ల ఎర్ర సిరాతో రాసింది, "ఆదివారం భోజనం పెట్టరు, ఇదేం రూలు!" అని. నాకు మాత్రం ఆ వాక్యం చదవగానే ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, ఆ ఇల్లాలికి ఒక్క ఆదివారమైనా సెలవుందన్నమాట! ఆరు రోజులు పరాయి పిల్లకి మూడుపూటలా వండిపెట్టిన ఆవిడ పేరు మాత్రం నోటుపుస్తకంలో లేదు. "ఆంటీ" అని కూడా లేదు. "రోజూ నల్ల చిక్కుళ్ళే" అని ఉంది.

ఆ చిక్కుళ్ళ పక్కన పెట్టే తొర్తియ్యా సంగతి మనం తెలుసుకోవలసిందే. జొన్నరొట్టెకి చుట్టమే అది. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పొట్టుపోయేలా కడిగి, ముద్దగా రుబ్బి, అరచేతుల మధ్య తట్టి, కొమాల్ అనే పెనం మీద కాలుస్తారు. మన తాంబూలంలో సున్నం, వాళ్ళ రొట్టెలో సున్నం! ఆ సున్నం వల్లే మొక్కజొన్నలోని ఒక ముఖ్యమైన విటమిను ఒంటికి పడుతుందిట. లేకపోతే పెల్లాగ్రా అనే జబ్బు వస్తుంది. వేల ఏళ్ళ క్రిందట అక్కడి ఆడవాళ్ళు కనిపెట్టిన విద్య ఇది. ఈ చవక పుస్తకాల వరసలో చూస్తే తొర్తియ్యాకి ఒకటే విశేషణం, "కడుపు నింపుతుంది" అని.

ఇంకో సంగతి. కొబాన్ అనే ఊరిమీదుగా సెముక్ చాంపే అనే చోటికి సంచీ యాత్రికులందరూ వెళ్తారు. సున్నపురాతి వంతెన మీద పచ్చనీలపు నీటి మడుగులు, ఫోటోలో చూస్తేనే మతిపోతుంది. ఆ కొండ ప్రాంతమంతా ఏం పండిస్తారో తెలుసా? యాలకులు! ఏలకి పుట్టిల్లు మన పడమటి కనుమలే అయినా, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక జర్మన్ తోటల యజమాని తీసుకెళ్ళి నాటిన మొక్కలు అక్కడ ఎంతగా అల్లుకున్నాయంటే, ఎగుమతిలో మనల్ని దాటేసింది గ్వాటెమాలా. పండించే కెక్చీ రైతులు మాత్రం యాలకులు వంటలో వెయ్యరట, చాలావరకు అరబ్బు దేశాల కాఫీల్లోకి పోతాయి. మా పిల్ల ఆ దారిన ఎనిమిది గంటలు ప్రయాణించింది. నోటుపుస్తకంలో "దారంతా పచ్చగా ఉంది" అని ఒక్క ముక్క. ప్రతి పండక్కీ పాయసంలో యాలకులు వేసే ఇంట పుట్టిన పిల్ల! అది దాని తప్పు కాదు. చూడమని చెప్పినవాళ్ళు లేరు.

పాత పుస్తకాలు ఇంతకన్నా మెరుగా అంటే, అదీ చెప్పలేను. జాన్ లాయిడ్ స్టీఫెన్స్ అనే అమెరికన్ 1839లో కంచరగాడిదల మీద ఆ దేశాలు తిరిగి, 1841లో పుస్తకం వేశాడు. మాయా శిథిలాల సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది దానివల్లే, బొమ్మలు వేసిన కాథర్‌వుడ్ అయితే మహానుభావుడు. కాని పక్కనున్న హోండురాస్‌లో కోపాన్ అనే పురాతన నగరం మొత్తాన్ని యాభై డాలర్లకి కొన్నానని మురిసిపోతాడు చూశారూ, చవక బేరం చెప్పుకుని మురవడమనే ఆచారం అక్కడే మొదలైందేమో అనిపిస్తుంది. ఆల్డస్ హక్స్‌లీ 1934లో రాసిన పుస్తకంలో అతిత్లాన్ సరస్సుని ఇటలీలోని కోమో సరస్సుతో పోల్చాడు. అంతే, ఆ తరువాత రాసినవాళ్ళెంతమందో ఆ పోలికని అరువు తెచ్చుకున్నారు. పాల్ థెరూ 1979లో అచ్చయిన తన రైలు పుస్తకంలో గ్వాటెమాలా నగరం నుంచి జకాపాకి రైలెక్కుతాడు. చమత్కారి, చదివిస్తాడు. విసుగు మాత్రం ఎక్కువ పాళ్ళు. ఇప్పుడా ప్రయాణీకుల రైళ్ళూ లేవు.

అయిదోది రిగోబెర్తా మెంచూ పుస్తకం. యాత్రా పుస్తకాల మధ్య ఇది ఎందుకుందో మొదట నాకు బోధపడలేదు. ఆవిడ కిచే జాతి మాయా స్త్రీ, 1959లో పుట్టింది, 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. ఇరవై మూడేళ్ళ వయసులో, 1982లో, పారిస్‌లో ఎలిజబెత్ బుర్గోస్ అనే ఆవిడకి తన కథ నోటితో చెబితే, అది మరుసటేడు పుస్తకమైంది.

అందులో ఒక ప్రయాణం ఉంది. కొండల మీది ఊళ్ళనుంచి కాఫీ, పత్తి తోటల్లో కూలికి సముద్రతీరానికి లారీల్లో పోవడం. మనుషులు, పిల్లలు, కోళ్ళు, కుక్కలు అన్నీ ఒకే లారీలో, పైన టార్పాలిన్ కప్పేసి. ఆ కప్పు వల్ల ఏ దేశంలోంచి పోతున్నారో పిల్లలకి కనిపించదు. ఆ కొండలూ, ఆ లోయలూ చూడడానికేగా ప్రపంచం నలుమూలలనుంచీ సంచులు తగిలించుకుని వస్తున్నారు! అక్కడే పుట్టిన పిల్ల అదే దారిన కళ్ళముందు టార్పాలినుతో పోయింది. తరవాత ఆవిడ రాజధానిలో ఒకరింట పనిపిల్లగా చేరింది. ఆ ఇంట్లో కుక్కకి పెట్టే తిండి తనకి పెట్టినదానికంటే మెరుగని చెబుతుంది. ఇది చదివి పుస్తకం మూసి, వంటింట్లోకి వెళ్ళి, మా ఇంట అంట్లు తోమే మనిషికి ఏ గ్లాసులో కాఫీ పోస్తున్నానో చూసుకున్నాను. ఆ ముచ్చట ఇక్కడ రాయను.

ఒకటి దాచకూడదు. డేవిడ్ స్టోల్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1999లో పుస్తకం రాసి, ఆవిడ చెప్పిన వాటిలో కొన్ని ఆవిడ స్వయంగా చూసినవీ, పడినవీ కావని వాదించాడు. పెద్ద దుమారమే లేచింది. ఆ ఏడాదే ఐక్యరాజ్య సమితి అండతో పనిచేసిన సత్యశోధన సంఘం నివేదిక కూడా వచ్చింది. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో రెండు లక్షలకి పైగా చనిపోయారనో మాయమయ్యారనో అంచనా వేసింది. గుర్తు తెలిసినవారిలో నూటికి 83 మంది మాయా ప్రజలే. ఒక మనిషి తన ఊరి కథంతా తన కథగా చెప్పడం సబబా అని మీరడిగితే, సాక్ష్యానికి సబబు కాదంటాను. కాని ఆ లారీ అబద్ధమని అనలేను.

ఇప్పుడు చవక పుస్తకాల్లో బస్సు అధ్యాయం తియ్యండి. ప్రతివాడూ రాస్తాడిది. అమెరికాలో బడి పిల్లల్ని మోసి మోసి పాతబడిన పసుపుపచ్చ బస్సులు గ్వాటెమాలాకి వచ్చి, రంగురంగులు పూయించుకుని, సీటుకి ముగ్గురేసి చొప్పున జనాన్ని మోస్తాయి. క్లీనరు నడుస్తున్న బస్సు పైకెక్కి సామాను సర్దుతాడు, పాటలు చెవులు పగలగొడతాయి, పక్క సీటులో కోడి. ఈ కోడి తప్పనిసరి! విదేశీయులు ఆ బస్సుకి 'చికెన్ బస్' అని పేరే పెట్టేశారు. అక్కడివాళ్ళు కమ్యొనేతా అంటారు. ఇన్ని బస్సు అధ్యాయాలు చదివాను గదా, ఆ కోడి ఎవరిది, ఎక్కడికి తీసుకెళ్తున్నారు అని అడిగినవాళ్ళు నాకు కనిపించలేదు.

ఒక్కరు కనిపించారు. మా పిల్లే! నోటుపుస్తకం చివర, ఖర్చుల లెక్కలయ్యాక, పెన్సిలుతో రాసిన పేజీ అది. పక్కనున్న ముసలావిడ ఒళ్ళో పెట్టుకున్న కోడిని చూసి, వచ్చీరాని స్పానిషులో అమ్మడానికా అని అడిగిందిట. కాదు, కూతురు ప్రసవించింది, బాలింతకి పులుసు కాచి పెట్టాలి అందిట ఆవిడ. ఆవిడకీ స్పానిషు అంతంతమాత్రమే, ఇంట్లో మాట్లాడేది కిచే. ఇద్దరూ సగం మాటలతో, సగం చేతులతో పురుడు, పథ్యం, మనవడు అన్నీ మాట్లాడుకున్నారు. "మా అమ్మ కూడా అక్క పురుడప్పుడు ఇలాగే మూటలు కట్టుకుని విమానమెక్కింది" అని రాసుకుంది. ఆ పేజీలో ధర ఒక్కటీ లేదు. అచ్చయిన అయిదు పుస్తకాల్లో మూడింటికంటే ఆ పెన్సిలు పేజీ నాకు ఎక్కువ నచ్చింది. పిల్లతో చెబితే, "అదా, అది డైరీలో లెక్క కాదు పిన్నీ, ఊరికే రాసింది" అంది.

ఇక జాకెట్టు. వాళ్ళు దాన్ని విపీల్ అంటారు. మన వీపుకి దీనికీ చుట్టరికం లేదు లెండి. నడుముకి పట్టీ కట్టుకుని, మగ్గం రెండో కొసని చెట్టుకో స్తంభానికో కట్టి, మోకాళ్ళ మీద కూర్చుని నేస్తారు. పని నిండుగా ఉన్నదైతే నెలలు పడుతుంది. గురువారం, ఆదివారం చిచికాస్తెనాంగోలో జరిగే సంతలో అయిదు వందల క్వెట్సాల్లు చెప్తే, రెండు వందల ఎనభైకి దించిందిట మా పిల్ల. పక్కన "సాధించాను!!!" అని మూడు ఆశ్చర్యార్థకాలు. మిగిలిన రెండు వందల ఇరవై మన లెక్కన పెద్ద సొమ్మేమీ కాదు. బేరమాడమని ఈ తరహా పుస్తకాలన్నీ చెబుతాయి, బేరమాడకపోతే వాళ్ళకీ తోచదంటాయి. నిజమే కావచ్చు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ఇంటికొచ్చిన చేనేత చీరలాయనతో గంటసేపు గీచి గీచి బేరమాడి, ఆయన వెళ్ళాక పక్కింటావిడతో గొప్పగా చెప్పుకోలేదూ? పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు మరి!

"నీకు పట్టకపోతే దిండు గలీబు కుట్టించుకో పిన్నీ" అంది వెళ్ళేటప్పుడు. మొన్న దర్జీకి ఇద్దామని తీసి, లోపలివైపు తిప్పి చూశాను. మెడ దగ్గర, చంకల దగ్గర సన్నటి రఫూ. ఎరుపు దొరకలేదు కాబోలు, వంకాయరంగు దారంతో వేసింది. అంటే అది సంత కోసం నేసింది కాదు, ఎవరో చాలా ఏళ్ళు తొడుక్కున్నది. ఎందుకు అమ్మిందో ఆవిడ! దర్జీ వచ్చి గుమ్మంలో నిలబడితే, రెండు పాత దుప్పట్లు ఇచ్చి పంపేశాను.