వేమన మకుటము – మూఢ పరిహాసము

కృష్ణగిరి, హోసూరు సీమలలో తెలుగు, తమిళము, కన్నడము ఒక్క సంతలో వినబడును. మౌఢ్యమును పరిహసించు మూడు సూక్తిరీతులను పోల్చిచూచుటకు ఇంతకంటె తగిన చోటు లేదు. తిరువళ్లువరు అవివేకమునకు రెండధికారములు, ఇరువది కురళ్లు, ఒసగెను. వానిలో కవి పేరు వినబడదు. సర్వజ్ఞుని త్రిపదికి కవినామమే ముద్ర. ఆ నామమునకు అర్థము అన్నియు ఎరిగినవాడని! వేమన మార్గము వేరు. ఎలుకతోలును ఉతికి తెలుపు చేయబూనువాడును, కొయ్యబొమ్మను కొట్టి పలికింపజూచువాడును ఒక్క ఆటవెలదిలో మూడు పాదములకే ఇమిడిరి. నాలుగవ పాదము మకుటము. అందలి ‘విను’ మను పిలుపు వేమనకే. అభిరాముని గూర్చి ఎన్ని కథలు చెప్పినను ఈ సంబోధన మారదు. మకుటమును పాదపూరణమని విడిచి చదువువారు పద్యమున నీతిని మాత్రమే చూతురు. చదివినచో, తోలును ఉతుకువారి వరుసలో వేమన తన్నును నిలుపుకొన్నాడని తెలియును.