వీడియో అయిపోయాక తెరుచుకున్న గది

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న అడిగింది. "అక్కా, ఆన్‌లైన్ కాన్ఫరెన్సే కదా, వీడియోలన్నీ తర్వాత ఎలాగూ పెడతారు. సెలవు రోజు పాడుచేసుకుని అప్పుడే కూర్చోవడం ఎందుకు?" అప్పటికప్పుడు సరైన జవాబు తట్టలేదు. చెప్పాలంటే 2021 ఫిబ్రవరి 6, శనివారం మధ్యాహ్నం దగ్గర మొదలుపెట్టాలి.

ఆ రోజు ఫోస్‌డెమ్ మొదలైంది. ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లకు అది పెద్ద తిరునాళ్లు. 2001 నుంచి బ్రసెల్స్‌లో ఏటా జరుగుతోంది. యూఎల్‌బీ యూనివర్సిటీ తరగతి గదులే వేదికలు. టికెట్ లేదు, పేరు నమోదు చేసుకునే పని కూడా లేదు, ఎవరైనా నేరుగా వెళ్లి కూర్చోవచ్చు. కానీ విజయవాడ నుంచి వెళ్లాలంటే వీసా కావాలి, విమానం ఖర్చు కావాలి, రెండేళ్ల పిల్లాణ్ని వారం పాటు చూసుకునేవాళ్లు కావాలి. కోవిడ్ వల్ల ఆ ఏడాది తిరునాళ్లు మొదటిసారి పూర్తిగా ఆన్‌లైన్‌కి వచ్చింది. అక్కడ పొద్దున పదంటే మనకు మధ్యాహ్నం రెండున్నర. అన్నం తిని, పిల్లాణ్ని అత్తయ్యకు అప్పజెప్పి తలుపేసుకున్నాను.

నేను ఉత్త చేతులతో వెళ్లలేదు. అప్పటికి నెల రోజులుగా ఒక చిక్కు నన్ను నిద్రపోనివ్వడం లేదు. కేబుల్ కనెక్షన్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. కింద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ని కొత్త వెర్షన్‌కి మార్చిన దగ్గర్నుంచీ కొన్ని ఇళ్లు కనపడటం మానేశాయి. ఇంటి నంబరు కొట్టి వెతికితే లేదంటుంది. పట్టిక మొత్తం తెరిచి కళ్లతో చూస్తే ఉంటుంది. ఇంకా ఘోరం, కౌంటర్లో కుర్రాడు ఇల్లు లేదనుకుని మళ్లీ ఎక్కిస్తే అదీ ఎక్కేసింది. ఒకే ఇల్లు రెండుసార్లు! అలా జరగకుండా మేం పెట్టిన కట్టుబాటు ఏమైపోయిందో అర్థం కాలేదు.

డేటాబేస్‌ల గదిలో ఇండెక్స్‌ల మీద, అంటే వెతికింది త్వరగా దొరకడానికి డేటాబేస్ పేర్చి పెట్టుకునే వరుసల మీద, ఒక ప్రసంగం ఉంది. దానికోసమే ఆగాను. ఆ ఏడాది ప్రసంగాలన్నీ ముందే రికార్డు చేసి తెప్పించుకున్నారు. వీడియో ఆ సమయానికి నడుస్తుంది, పక్కన మాట్రిక్స్ అనే చాట్ వేదికలో మాటల పెట్టె. మొదట నాకూ వెలితిగానే అనిపించింది. ఐదు నిమిషాలకు అసలు సంగతి తెలిసింది. మాట్లాడే మనిషి వీడియోలో ఉన్నాడు, అదే మనిషి మాతోపాటు కూర్చుని తన ప్రసంగం తనే వింటూ, వచ్చిన ప్రశ్నకల్లా జవాబు టైపు చేస్తున్నాడు. "ఈ స్లయిడ్ చేశాక ఒక విషయం మారింది, చూసుకోండి" అని తన మాటను తనే దిద్దుతున్నాడు. హాల్లో అయితే ఇది కుదరదు. స్టేజీ మీదున్నాయన మాట్లాడాలి, మనం ఊరుకోవాలి, చివరి ఐదు నిమిషాల్లో మైకు ఎవరి చేతికందితే వాళ్ల ప్రశ్న. ఆన్‌లైన్‌ని అసలుకు చవక నకలుగా చూసేవాళ్లతో నేను ఒప్పుకోనిది ఇందుకే.

నా ప్రశ్న ముందు రోజు రాత్రే కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాసుకున్నాను. పెట్టె నిండా ఎక్కడెక్కడి పేర్లో. పంపాలా వద్దా అని కాసేపు గుంజాటన. పంపాను. ముగ్గురు బొటనవేలు గుర్తు పెట్టారు. బొటనవేళ్లు ఎక్కువ పడిన ప్రశ్న పైకి తేలేలా ఏర్పాటుంది. వీడియో అయ్యాక జరిగిన ప్రత్యక్ష సంభాషణలో వక్త నా ప్రశ్న చదివి, "ఇది ఇక్కడ తేలేది కాదు, గదిలోకి రండి" అన్నాడు.

ఆ గది గురించి చెప్పాలి. ప్రశ్నల సమయం ముగియగానే, అంతదాకా వక్తకూ నిర్వాహకుడికీ మాత్రమే తెరిచి ఉన్న జిట్సీ వీడియో గది తలుపు అందరికీ తీసేశారు. హాలు బయట వరండాలో నిలబడి మాట్లాడుకుంటారే, దానికి బదులు అది. ఎనిమిది మందిమి చేరాం. నేను కెమెరా ఆపుకుని కూర్చున్నాను. "ఇంటి నంబర్లు ఎలా ఉంటాయి, ఒకటి చూపించండి" అని అడిగారు. టైపు చేశాను: 1-14. ఇంకొకటి: 11-4.

వక్త పెద్దగా నవ్వి, "దొరికింది" అన్నాడు.

పోస్ట్‌గ్రెస్ మామూలుగా అక్షరాల వరుసక్రమాన్ని తను నిర్ణయించదు, కింద ఉన్న సిస్టమ్‌ని అడుగుతుంది. లినక్స్‌లో ఆ పని జీలిబ్‌సీ అనే లైబ్రరీది. 2018 ఆగస్టులో వచ్చిన దాని 2.28 వెర్షన్‌లో అంతర్జాతీయ ప్రమాణానికి తగ్గట్టు వరుసక్రమం మార్చారు. అంతకుముందు గీతను దాదాపు లెక్కలోకి తీసుకునేది కాదు. గీత తీసేస్తే 1-14, 11-4 రెండూ 114 లాంటివే, పక్కపక్కనే ఉంటాయి. కొత్త లెక్కలో గీతకూ ఒక స్థానం ఉంది. 1- తో మొదలయ్యేవన్నీ ఒకచోట ముందుకు వెళ్లాయి. ఇండెక్స్ మాత్రం పాత వరుసలోనే పేర్చి ఉంది.

మనకు తెలిసిన పోలికే. బళ్లో నేర్చుకున్న అక్షరమాలలో 'క్ష' చివర్న ఉంటుంది. నిఘంటువులో 'క' కిందే ఉంటుంది. చివరి పేజీలు తిప్పి 'క్షేత్రం' అన్న మాటే లేదని పుస్తకం మూసేస్తే ఎలా ఉంటుందో, మా డేటాబేస్ అదే చేస్తోంది. లేదనుకుంది కాబట్టే రెండోసారి ఎక్కించనిచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. వరుస మారిన సంగతి ఇండెక్స్‌కి చెప్పేవాళ్లు లేరు, అంతే.

తర్వాతి అరగంట నేను ఊహించనిది. మీ ఇంటి నంబర్లలో ఇన్ని గీతలెందుకని వాళ్లు అడగడం మొదలుపెట్టారు. కెమెరా పెట్టాను. ఉదాహరణకు హైదరాబాద్ పాత నంబర్లలో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు అనీ, అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే చివర్లో ఇంకో అక్షరం చేరుతుందనీ చెప్పాను. ఒకాయన వాళ్ల గిడ్డంగి సరుకు నంబర్లలోనూ గీతలున్నాయని, తన సర్వర్ ఇప్పుడే చూసుకుంటానని లేచి వెళ్లాడు. అప్పటిదాకా ఇలాంటి చోట్ల వినడానికే ఉన్నాననుకునేదాన్ని. మా వీధి గుమ్మాల మీద రంగుతో రాసిన అంకెలు ఇంకొకరికి పనికొస్తాయని ఎప్పుడూ తోచలేదు.

ఆ ప్రసంగం వీడియో తర్వాత చూశాను. బాగుంది. గీతల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

సోమవారం వక్త చెప్పిన ఆమ్‌చెక్ అనే పరీక్ష నడిపితే ఇండెక్స్ చెడిందని తేలిపోయింది. ఇండెక్స్‌ని కొత్తగా పేర్చే రీఇండెక్స్ కొట్టాం. నకళ్లున్నాయని మధ్యలోనే ఆగిపోయింది. రెండుసార్లు ఎక్కిన ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి, ఏది అసలో తేల్చుకుని, తుడిచి, మళ్లీ కొట్టేసరికి బుధవారమైంది.

2023 నుంచి ఫోస్‌డెమ్ మళ్లీ బ్రసెల్స్‌లో జరుగుతోంది. ప్రసంగాలు ఇంటి నుంచి ప్రత్యక్షంగా చూడొచ్చు, మాటల పెట్టె కూడా ఉంచారు. అందుకు వాళ్లకు రుణపడి ఉన్నాను. నేను ఇప్పటికీ రోజుకి మూడు నాలుగు ప్రసంగాలకు మించి పెట్టుకోను. ఆ పూట ఆఫీసు మెయిల్ తెరవను, ప్రశ్న కాగితం మీద లేకుండా కూర్చోను.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. ఏమీ అనలేదు. నిన్న మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికొచ్చి నోట్‌బుక్ చూపించింది. నాలుగు వాక్యాలు, మూడోది రెండుసార్లు కొట్టేసి రాసింది. "ఇది అడగొచ్చా అక్కా?" అంది. చదివాను. దానికి జవాబు నాకూ తెలియదు. శనివారం నేనూ కూర్చుంటానని, లింకు పంపమని చెప్పాను.