కోరుకొండ నుంచి ఏడు ఖండాలకు

మల్లి మస్తాన్ బాబు సైన్యంలో పనిచేయలేదు. అయినా పర్వతారోహణలోకి ఆయన వచ్చిన దారి సైనికులదే. 1974లో నెల్లూరు జిల్లా గాంధీజనసంఘంలో పుట్టి, 1985లో కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరారు. విజయనగరం రాజుల ప్యాలెస్‌లో నడిచే ఈ బడి విశాఖకు దగ్గరే. ఆ అక్టోబరులోనే బడి పూర్వవిద్యార్థి లెఫ్టినెంట్ ఎం.ఉదయభాస్కరరావు ఆర్మీ బృందంతో వెళ్లి ఎవరెస్టుపై మరణించారు. బడిలో నిలిపిన ఆయన విగ్రహం చూసే మస్తాన్‌కు కొండల ధ్యాస పట్టింది. తూర్పు నౌకాదళం నీడనున్న విశాఖలో యూనిఫాం అంటే సముద్రమే గుర్తొస్తుంది. హిమాలయం గుర్తుకు రావాలంటే కోరుకొండ దాకా వెళ్లాలి.

జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, సత్యం కంప్యూటర్స్‌లో ఉద్యోగం, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. ఒక్కటి దక్కితేనే ఊరంతా స్వీట్లు పంచేవన్నీ దక్కాక, ఆయన కొండలనే జీవితం చేసుకున్నారు.

2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అప్పటికి అదే ప్రపంచ రికార్డు. అందరూ గుండెధైర్యాన్ని పొగిడారు గానీ, అసలు పనితనం క్యాలెండర్‌లో ఉంది. అంటార్కిటికాలో ఎండాకాలం జనవరిలో కాబట్టి 19న విన్సన్. ఫిబ్రవరి 17న ఆండీస్‌లో అకొంకాగువా. తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానలు ముదరకముందే మార్చి 15న కిలిమంజారో. ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కోజియస్కో. రుతుపవనాలకు ముందు గాలి నెమ్మదించే కొద్దిరోజుల్లో, మే 21న, ఎవరెస్టు. ఉత్తరార్ధగోళానికి వేసవి వచ్చాక జూన్ 13న ఎల్‌బ్రస్, జూలై 10న డెనాలీ. ఎవరెస్టు దగ్గర ఆ అదను తప్పితే మిగతా లెక్కంతా తప్పేది. తేదీలు సరిచూస్తే ఇంకో తమాషా: ఏడు శిఖరాలూ వారంలోని ఏడు వేర్వేరు రోజుల్లో పడ్డాయి, గురువారంతో మొదలై సోమవారంతో ముగిశాయి. ఇంత పకడ్బందీ ప్రణాళిక సైనిక శిక్షణ ఫలమేనని చెప్పడం తేలిక.

అయితే 2015 మార్చి 24న ఆండీస్‌లోని ట్రెస్ క్రూసెస్ సుర్‌పైకి ఆయన ఒంటరిగా వెళ్లారు, తిరిగి రాలేదు. సైన్యంలో ఎవరినీ అలా ఒంటరిగా పంపరు, తోడుంటే బతికేవాడు అన్న మాట వినబడింది. ఆ మాట నిలవదు. 1985లో ఎవరెస్టు సౌత్ కోల్ మీద ఉదయభాస్కరరావు పక్కన మరో ముగ్గురు అధికారులున్నారు. నలుగురూ మంచుతుపానులోనే పోయారు. శిక్షణ, తోడు, ప్రణాళిక కొండ దాకా తీసుకెళ్తాయి. వాతావరణం మీద వాటి పెత్తనం సాగదు.

మస్తాన్ భౌతికకాయాన్ని ఏప్రిల్ 3న గుర్తించారు. అదే నెల 25న గాంధీజనసంఘంలో అంత్యక్రియలు జరిగాయి.