ఒంటరి ప్రతినాయకుడు

భారతయుద్ధమున పదుమూడవ దినమున పద్మవ్యూహమును ఒంటరిగా చొచ్చి, వెలువడు మార్గమెఱుగక కూలిన అభిమన్యుని కథ మన హరికథలలోను వీధినాటకములలోను ఎన్నిమారులు విన్నను కంట తడి పెట్టించునదియే. అయినను ఆ కథలో కరుణరసముతోపాటు యుద్ధగణితము కూడ కలదని నాకు తోచుటకు, కొన్నియేండ్లుగా నేను శ్రద్ధతో ఆచరించుచున్న ఒక ఆట కారణమైనది. ఆ బాలుని ఎదిరించిన మహారథులలో ఏ ఒక్కడును ఒంటిగా అతనిని గెలువజాలకపోయెను. అప్పుడు ద్రోణుని మాట విని అందఱు ఒక్కటై, కర్ణుడు వింటిని తునుమగా, కృతవర్మ గుఱ్ఱములను కూల్పగా, కృపుడు పార్ష్ణిసారథులను వధింపగా, అతడు ఒక్క బాణము సంధించునంతలో పలుదిక్కులనుండి పలుబాణములు వచ్చి పడినవి. బలమున అతడు వారికి తీసిపోలేదు, వంతులలో తీసిపోయెను.

నేను చెప్పు ఆట 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుందురు; ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయదలచినదో నోటితో చెప్పుదురు; సంశయము గలచోట ఇరువదిముఖముల పాచిక తీర్పు చెప్పును. కథను నడపువాడు, శత్రువులందఱి పక్షమున పాచిక వేయువాడు ఒక్కడే. వానిని మేము సూత్రధారియని పిలుచుకొందుము. తొలినాడు పాత్రలకు మూడే క్లాసులుండెను: యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు. మరుసటియేడు దొంగ చేరెను. 2014లో వచ్చిన అయిదవ కూర్పునాటికి అవి పండ్రెండైనవి. జనగామలో నా యింట సెలవుదినములలో ఈ ఆట సాగును. మానుకోటనుండి రైలెక్కి కాజీపేట మీదుగా వచ్చువారు కొందఱు, రైలు లేని భూపాలపల్లినుండి బస్సులో వచ్చు సింగరేణి కార్మికుల బిడ్డలు కొందఱు. సూత్రధారిత్వము నాది.

ఈ ఆటలలో ప్రతినాయకుడు ఎల్లప్పుడును రాక్షసుడో మహాసర్పమో కానక్కఱలేదు; తఱచుగా మనిషియే యగును, నాయకపాత్రల వంటి క్లాసునకే చెందినవాడగును. ద్రోహియైన సేనాపతి యోధుడు, రాజ్యమును లోపలినుండి తినివేయు రాజగురువు మాంత్రికుడు, అడవిదారిని కాచువాడు దొంగ. అట్టివాడొకడు తుదకు ఒంటరిగా నలుగురి యెదుట నిలువవలసిన ఘట్టము వచ్చినపుడు, మానుకోట విద్యార్థి యొకడు నన్ను సూటిగా అడిగెను: "సార్, గా సేనాపతి గూడ మా అసొంటోడే గద, మమ్ముల నలుగుర్ని ఒక్కడెట్ల ఆపుతడు?" ఆ ప్రశ్నను నేను నేటికిని మనసులో మోయుచున్నాను. లెక్క చూడుడు. అయిదవ కూర్పు నియమములనుబట్టి, ఒకపాటి దేహదార్ఢ్యము గల అయిదవ స్థాయి యోధునికి సగటున 44 హిట్ పాయింట్లు, అనగా కూలకముందు ఓర్చుకొనగల హాని లెక్క, ఉండును. ఎదుటి నలుగురును, తప్పిపోయిన దెబ్బలు పోగా, తలకు పదేసి పాయింట్ల హాని చేసిరనుకొన్నను, అందఱి వంతులు ఒకసారి తిరుగు రౌండునకు 40 అగును. అతనికి రౌండునకు రెండు దెబ్బలు. ఆ మీద రెండవ రౌండు చూచునో లేదో చెప్పజాలము. మూడు మాసములు కథలో పేరు వినినంతనే గుండె ఝల్లుమనిపించిన సేనాపతి, రెండు నిమిషములలో నేలకొరుగును.

దీనికి తొలుత తోచు ఉపాయము హిట్ పాయింట్లను మూడింతలు చేయుట. 132 పాయింట్లు గల సేనాపతి నాలుగవ రౌండువఱకు నిలుచును, నిజమే. కాని అన్ని రౌండ్లలోను అతడు చేయగలిగినది ఆ రెండు దెబ్బలే గనుక, చుట్టును నిలిచినవారు ఎండుమోడును నఱకునట్లు వంతులవారీగా నఱకుచుందురు. భయము లేదు, యోచన లేదు, కాలయాపనము మాత్రము కలదు. ఆటను నిర్మించినవారికే ఈ సంకటము తప్పలేదు. 2008నాటి నాలుగవ కూర్పులో అయిదుగురికి ఒక్కడే సరిజోడగు శత్రువును 'సోలో' అను ప్రత్యేకవర్గముగా నిలిపి, వానికి హిట్ పాయింట్లను రాశిపోసిరి. యుద్ధములు సాగిసాగి విసుగు పుట్టించుటచే మరుసటియేటి రాక్షసగ్రంథమునాటికి ఆ రాశిని తగ్గింపవలసివచ్చెను, ఆ పై యేట హానిని పెంపవలసివచ్చెను. అయిదవ కూర్పువారు దీనికి వేఱుమార్గము పట్టి, ఒంటరి శత్రువు ఇతరుల వంతులు ముగిసిన వెంటనే, నడుమనడుమ, చిన్నచిన్న పనులు చేయవచ్చునని 'లెజెండరీ యాక్షన్లు' కల్పించిరి. ఇది నా దృష్టిలో ఆ గ్రంథములన్నింటిలోను మిక్కిలి తెలివైన కల్పన. ఇంతకు పూర్వమే ఇదే తత్త్వమును మన రచ్చబండలు ఎఱిగియుండెను.

పులిమేక ఆటను స్మరింపుడు. కొనయం దొకటి, క్రింద ఆఱేసి చొప్పున మూడు వరుసలు, అడుగున నాలుగు, వెరసి 23 కూడళ్లు గల పటమును సుద్దతోనో బొగ్గుతోనో గీసి, మూడు పులులను పదునైదు మేకలను ఆడింతురు. మేకలు పదునైదైనను వాని వంతు ఒక్కటే; ఒక మేక కదలిన పిదప ఒక పులి కదలును. సంఖ్యాధిక్యము నేలపై కలదు గాని కాలముపై లేదు. అంతకంటె గంభీరమైన విషయము మఱియొకటి: పులికి చావు లేదు. మేకలు దానిని చంపజాలవు, దారులు మూసి కదలకుండ కట్టివేయగలవు; పులి మాత్రము మేకపై దూకి దానిని తినగలదు. ఇరుపక్షములకు బలమొకటి కాదు, గెలుపు స్వరూపము కూడ ఒకటి కాదు, అయినను ఆట సమతూకమున నిలిచియున్నది. నేపాళదేశమున ఇరువది మేకలతో నాలుగు పులులతో ఆడు బాఘ్‌చాల్ ఈ కుటుంబములోనిదే. దానిని లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్‌గెల్ట్ అను పండితులు కంప్యూటరుచే కూలంకషముగ శోధింపజేసి, ఇరువురును పొరపాటు లేక ఆడినచో ఆట సమముగా ముగియునని నిరూపించిరి. శతాబ్దముల తరబడి గొల్లపిల్లలు గొఱ్ఱెల వెంట తిరుగుచు నేలపై గులకరాళ్లతో తీర్చుకొన్న తూనిక అది. నేనెంత మెచ్చుకొన్నను తనివి తీరదు.

అసమబలముల నడుమ సమతూకమను ఆ సూత్రమును క్లాసులకు అన్వయించునపుడు ఒక్కొక్క క్లాసునకు ఒక్కొక్క చికిత్స కావలసియున్నది, ఒకే మందు అందఱికి పనికిరాదు. యోధుని విషయమున వంతులే ప్రధానము. ఆ వంతులను ఎట్లు పంచవలెనో కురవి వీరభద్రుని కొలుచు సీమలో పుట్టినవారికి బోధింపనక్కఱలేదు. దక్షయజ్ఞమున వీరభద్రుడు భృగుని మీసములు పెఱికెను, భగుని కన్నులు పీకెను, పూషుని దంతములు రాల్చెను. ఒక్కొక్క శత్రువునకు ఒక్కొక్క శాస్తి. భాగవతమును శ్రద్ధగా చదివినవారికి తెలియును: భృగుని మణిమంతుడును, పూషుని చండీశుడును, భగుని నందీశ్వరుడును ముందుగా ఒడిసిపట్టుకొనిరి. అనుచరులు పట్టుకొందురు, ప్రభువు శిక్షించును. నా సేనాపతికి నేను ఇద్దఱు ముగ్గురు భటుల నిచ్చుట ఇందువలననే. వారు హాని చేయరు, నాయకుల కాళ్లకు చుట్టుకొని వంతులను హరింతురు, అంతే. రంగమున వెలుగు సేనాపతిమీదనే నిలుచును.

మాంత్రికుని వ్యాధి దీనికి పూర్తిగా విపరీతము. అయిదవ స్థాయి మాంత్రికునికి 32 హిట్ పాయింట్లు. వాని అగ్నిగోళము చేయు హాని సగటున 28, తప్పించుకొన్నవారికి అందులో సగము. ముందుగా వంతు వానికి వచ్చినచో నాయకులలో సగమంది కూలుదురు. వారికి వచ్చినచో వాడు నోరు తెఱవకయే చచ్చును. మాసములు అల్లిన కథ ఒక్క పాచిక పడుటపై ఆధారపడుట న్యాయము కాదు. కావున నా మాంత్రికుడు తన మహాశక్తిని ఒకేసారి విడువడు. ఒక రౌండున హోమకుండము రాజుకొనును, రెండవ రౌండున గాలి వేడెక్కును, మూడవ రౌండున గోళము పుట్టును. చూచుచున్నవారికి ఆపుటకు అవకాశముండును, భయపడుటకు కారణముండును. వానిని ఒక్క మంత్రముతో స్తంభింపజేయకుండుటకు గ్రంథకర్తలు, మంత్రమును తప్పించుకొను పాచిక విఫలమైనను మూడుమారులు సఫలమని చెప్పుకొను హక్కు నిచ్చిరి గాని, అది నాకు సమ్మతము కాదు. ఆటగాడు తన ఉత్తమమైన మంత్రమును ప్రయోగించినపుడు కారణము తెలుపక 'కాలేదు' అనుట అతని బుద్ధిని అవమానించుట. హిరణ్యకశిపుని వరము వంటిది ఇచ్చుట మేలు: పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని చావు లేదని ముందే చాటినచో, సందెవేళ గడప దగ్గఱ ఒక దారి యున్నదని ఆటగాడు తానే కనుగొనును. అప్పుడు వాని ముఖమున వెలుగు చూడవలెను!

దొంగకు కావలసినది నేల. అయిదవ స్థాయి దొంగ చాటుదెబ్బ మూడు ఆఱుముఖముల పాచికల బలము గలది. అది పడుటకు ప్రక్కను తోడైన యుండవలెను, తాను మఱుగుననైన యుండవలెను. ఒంటరికి తోడు లేదు గనుక మఱుగే గతి. బయలునేలపై నిలిపిన దొంగ ప్రతినాయకుడు జాలిగొలుపును. మా జనగామ సీమలోని బమ్మెర పోతన్న తెనిగించిన గజేంద్రమోక్షమును ఈ కంటితో చూచితినేని, అది నేలను గూర్చిన మహాపాఠముగా కన్పట్టును: గట్టుమీద ఏనుగునకు మొసలి లెక్కలోనిది కాదు, మడుగులో వేయేండ్ల పోరున ఏనుగు బలము సన్నగిల్లుచుండగా మొసలి బలము పెరుగుచుండెను. నా దొంగను నేను భూపాలపల్లి చెంత రేగొండ మండలమందలి పాండవుల గుట్టల వంటిచోట నిలిపితిని. ఆదిమానవులు జింకలను వింటివారిని రంగులతో చిత్రించిన రాతిచఱియలవి. ప్రతి సందును ఒక వాకిలి, ప్రతి బండయు ఒక తెర. ఆ గుట్టలలో బాల్యమున తిరిగిన భూపాలపల్లి పిల్లలు ఆనాడు బల్లమీది పటమును చూచి, "గీ సందుల నుంచి వస్తడు, నాకెర్కే" అని గుసగుసలాడి, మేకలు పులిని మూసినట్లు ఒక్కొక్క దారిని మూసి, ఒక్క దెబ్బయు వేయకయే వానిని పట్టిరి. నా సూత్రధారిత్వములో నాకు మిక్కిలి సంతోషము కలిగించిన ఆట అది.

పురోహితుని గూర్చి చెప్పవలసినది స్వల్పము. వాడు తన గాయములను తానే మాన్పుకొనుచుండుట కంటె నీరసమైనది లేదు. ఆ శక్తిని తీసివేసి, వానిని నమ్మిన గ్రామస్థులను వాని యెదుట నిలుపుడు. అప్పుడు నాయకుల కత్తులు వాటంతటవియే దిగును, మాటలు మొదలగును.

ఒంటరి ప్రతినాయకుని తీర్చు ఈ విద్యకు సామగ్రి కొఱకు సీమాంతరములకు పోవలసిన పని లేదని నా దృఢవిశ్వాసము. అయితే ఒక్కటి త్వరగా చేయవలసియున్నది. పులిమేక నియమములు ఊరూరికి మారును: కొన్నిచోట్ల అయిదు మేకలు తిన్నచో పులి గెలిచినట్లు, కొన్నిచోట్ల ఆఱు, మేకల సంఖ్యయు ఒకటి కాదు. ఈ భేదములలో ప్రతియొకటియు సమతూకమును గూర్చి ఎవరో ఎన్నడో చేసిన ఒక ప్రయోగము. అవి వ్రాతలో లేవు, ముసలివారి నోళ్లలో నున్నవి. వేసవి సెలవులకు ఊళ్లకు పోవు యువకులారా, మీ తాతను గాని అమ్మమ్మను గాని అడిగి, పులులెన్ని, మేకలెన్ని, తొలి ఎత్తు ఎవరిది, గెలుపు ఎప్పుడు అని తెలిసికొని, పటమును గీసి, క్రింద ఊరి పేరు వ్రాసి ఉంచుడు.