పురనిర్మాణ క్రీడలో అంతస్తులు - అవసరములు

మన ప్రబంధములను చదువువారికి పురవర్ణన క్రొత్త కాదు. అష్టాదశ వర్ణనలలో నగరమునకు అగ్రస్థానము కలదు. మనుచరిత్రారంభమున పెద్దన అరుణాస్పదపురమును వర్ణించుచు విప్రులను, రాజులను, వర్తకులను, నాలవజాతివారిని వరుసగా పేర్కొని, ఒక్కొక్కరికి ఒక్కొక్క గుణాతిశయమును ఆరోపించెను. ఆ పురమున ఎవనికి ఆకలి యున్నదో, ఎవనికి కట్టుబట్ట చాలదో మనకు తెలియదు. తెలియవలసిన పనియు లేదు. ప్రబంధపురమున మనుష్యుని అంతస్తును నిరూపించునది అతని ప్రావీణ్యము. అవసరమను మాట ఆ లోకమునకు చెందినది కాదు.

దీనికి సరిగా తలక్రిందైన పురవర్ణన యొకటి నేడు లోకమున వ్యాపించియున్నది. దానిని ఎవరును వ్రాయుటలేదు; ఆడుచున్నారు. మధ్యయుగపు నగరమును ఇటుక యిటుకగా కట్టించి, జనమును చేర్చి, వారి కోరికలు తీర్చుచు పెంచెడి కంప్యూటరు క్రీడలు అవి. మా శాఖలోని పరిశోధక విద్యార్థి యొకడు చూపగా, ఒక వేసవి సెలవులలో నేనును ఆడితిని. ఆడిన పిమ్మటనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. కేవలము చూచి వ్రాసియుండినచో ఇది ఇంతకంటె కఠినముగా నుండెడిది. తెలుగు శాఖవారి పత్రికలో దీని ప్రసక్తి యేల యని కొందరు అడుగవచ్చును. ఒక సమాజమును కూర్చి, ఎవడు పైవాడు, ఎవడు క్రిందివాడు, ఏల యట్లు అని చెప్పునది ఏదైనను విమర్శకు విషయమే యని నా అభిప్రాయము.

ఇచట ప్రధానముగా పరిశీలించునది అన్నో 1404 అను క్రీడ. జర్మనీలోని మైంట్స్ నగరపు రిలేటెడ్ డిజైన్స్ సంస్థ బ్లూ బైట్ వారితో కలసి నిర్మింపగా, యూబీసాఫ్ట్ వారు దానిని 2009లో వెలువరించిరి. ఆస్ట్రియాకు చెందిన మాక్స్ డిజైన్ వారి అన్నో 1602 అను క్రీడతో 1998లో ఈ పరంపర మొదలైనది. 1602, 1503, 1404 - ఏ సంవత్సరపు అంకెలను కూడినను తొమ్మిదియే వచ్చును. ఇది నిర్మాతల చమత్కారము. చరిత్రతో దీనికి పొత్తు లేదు. అయినను 1404 అని పేరు పెట్టుకొనినప్పుడు ఆ కాలపు సమాజముతో దానిని పోల్చి చూచు హక్కు పాఠకునకు, అనగా ఆటగానికి, ఏర్పడుచున్నది.

ఈ క్రీడలో పాశ్చాత్య నగరవాసులకు నాలుగు మెట్లు కలవు. మొదట వచ్చువారు కర్షకులు. వారికి చేపలు, ఆపిలు పండ్లనుండి తీసిన సైడరను పానీయము, పదిమంది కలియుటకు అంగడి, ప్రార్థనకు చిన్న మందిరము ఉన్న చాలును. ఇవి అమరినచో వారిలో కొందరు పౌరులగుదురు. పౌరులైన మరుక్షణమే వారికి సుగంధద్రవ్యములు, నారబట్టలు, పానశాల కావలసివచ్చును. తరువాతివారు నగరశ్రేష్ఠులు. వీరు రొట్టె, బీరు, తోలు అంగీలు, పుస్తకములు కోరుదురు. అందరికిని పైన కులీనులు. వీరికి మాంసము, ద్రాక్షాసవము, బొచ్చుకోట్లు, జరీపట్టు వస్త్రములు, కొవ్వొత్తుల సెమ్మెలు, సులోచనములు వలయును. ఇల్లున్న తావు మారదు. ఆ తావుననే కర్షకుని ఇల్లు పౌరుని ఇల్లగును, అదియే తుదకు కులీనుని భవనమగును. కర్షకుని యింట ఎనమండ్రు, పౌరుని యింట పదునైదుగురు, శ్రేష్ఠి యింట ఇరువదియైదుగురు, కులీనుని యింట నలువదిమంది నివసింతురు. మనుష్యుడు గొప్పవాడగుకొలది ఇరుకున నుండుట లోకమున ఎచటను చూడము. కాని పన్ను తలను బట్టి వచ్చును గనుక క్రీడకు ఇది అనుకూలము.

పన్ను మాట వచ్చినది. ఒక్కొక్క అంతస్తువారిపై ఎంత పన్ను వేయవలెనో ఆటగాడే నిర్ణయించును. ఆకుపచ్చ మొదలు ఎరుపు వరకు గల రంగులు జనుల మనస్సును తెలుపుచుండును. నా మొదటి నగరమున నేను ధనాశచే పన్ను పెంచితిని. అదే సమయమున నారబట్టల కొరత వచ్చినది. పౌరులు ఇండ్లు విడిచి పోవ నారంభించిరి. వారు ఎచటికి పోయిరో క్రీడ చెప్పదు. తిరుగుబాటు ఎందుకు వచ్చునో మాత్రము స్పష్టముగా చెప్పును: ఇచ్చినది చాలలేదు, పుచ్చుకొనినది ఎక్కువైనది. పాలనను ఇంత సులభముగా బోధించు గ్రంథము మరియొకటి లేదేమో!

ఇక అసలు విషయమునకు వత్తును. ఈ క్రీడలో అంతస్తనగా అవసరముల పట్టిక. అంతకుమించి ఏమియు కాదు. కర్షకునకును కులీనునకును భేదము జన్మములో లేదు, భూమిలో లేదు, ఆయుధములో లేదు, చట్టములో లేదు, బొచ్చుకోటులో నున్నది. కోరిక తీరినవాడు పైమెట్టెక్కును. ఎక్కినంతనే క్రొత్త కోరికలు పుట్టును.

మధ్యయుగపు ఐరోపా దీనిని అంగీకరించియుండదు. 11వ శతాబ్ది ఆరంభమున లాన్ నగరపు బిషప్పు అడాల్బెరో సమాజమును ప్రార్థించువారు, పోరాడువారు, శ్రమించువారు అని మూడుగా విభజించి చెప్పెను. ఈ విభాగము న్యాయమైనదని నేననుట లేదు. కాని అందు అంతస్తునకు ఆధారము ఒకడు చేయవలసిన పని. వానికి కావలసిన వస్తువు కాదు. వస్తువు అంతస్తును అనుసరించి వచ్చెడిది. అనుసరింపనిచో చట్టము కలుగజేసికొనెడిది. ఇంగ్లండులో మూడవ ఎడ్వర్డు కాలమున, 1363లో, అన్నవస్త్రములను గూర్చి యొక చట్టము పుట్టినది. నలువది షిల్లింగుల విలువగల సొత్తులేని దుక్కివారు, బండివారు మొదలగువారు ముతక ఉన్నిగుడ్డను తప్ప ధరింపరాదని అది శాసించెను. ఆ చట్టము అనతికాలముననే రద్దైనది. అయినను అది ఏల పుట్టినదో గమనింపదగును. 1348లో వచ్చిన మహామారివలన పనివారు తగ్గిరి, కూలి పెరిగినది. కూలిని పూర్వపు స్థితికే కట్టివేయుటకు 1351లో వేరొక చట్టము చేసిరి. దుక్కివాడు మంచి బట్ట కట్టుట ఏలికలకు భయకారణమైనది. 1381 నాటి కర్షకుల తిరుగుబాటునకు ఈ ఒత్తిడియు ఒక కారణము. మన క్రీడలోని ఏలికయో, కర్షకుడు ఎప్పుడు నారబట్ట కోరునా యని కాచుకొనియుండును! వాడు కోరినచో పౌరుడగును, పౌరుడైనచో పన్ను పెరుగును. వస్తువులు అమ్ముకొనవలసిన నేటి లోకపు బుద్ధి 1404 నాటి వేషము వేసికొనినది.

మెట్టెక్కు మార్గము మధ్యయుగమున లేదనుకొనరాదు. జర్మను నగరములలో ఒక ఆచారముండెడిది: ప్రభువు భూమికి కట్టువడిన దాసుడు తప్పించుకొని వచ్చి, నగరమున ఒక సంవత్సరము మీద ఒక దినము నివసించినచో, ప్రభువు వచ్చి అడుగనియెడల, స్వతంత్రుడగును. ఆ మార్పు చేపలవలన గాని సైడరువలన గాని కలుగలేదు. తావువలన, కాలమువలన, సాహసమువలన కలిగినది. అచట అంతస్తు మారుటయనగా ఒక బంధము తెగుట. ఇచట ఒక గిన్నె నిండుట. ఈ క్రీడలో దాస్యమే లేదు. లేనిదానినుండి విడుదల ఎట్లు కలుగును?

ఇంతకంటె పెద్ద లోపము వేరొకటి కలదు. ఈ క్రీడలోని కర్షకులు దున్నరు. ఇది నేను పరిహాసమునకు చెప్పుట లేదు. పొలము, గానుగ, మగ్గము, గని - వీనిని కట్టించి నిర్వహణ వ్యయము చెల్లించినచో అవి తమంత పనిచేయును. నగరమున ఎందరున్నారో వానికి అక్కరలేదు. తెరపై చిన్న బొమ్మలు కొడవళ్లు పట్టి తిరుగుచుండును గాని వారు జనాభాలెక్కలోనివారు కారు. లెక్కలోనివారు తినువారు, త్రాగువారు, పన్ను కట్టువారు మాత్రమే. కోటి విద్యలు కూటికొరకే యను సామెతను ఈ క్రీడ సగమే గ్రహించినది. కూడు మిగిలినది, విద్యలు జారిపోయినవి. ఇదే పరంపరలో 2019లో వచ్చిన అన్నో 1800 శ్రమను అంతస్తుతో ముడివేసినది. ఏ పనికి ఏ మెట్టువారు ఎందరు కావలెనో అందు లెక్కింపవలసియుండును. అనగా ఈ లోపము నిర్మాతలకును తోచియుండవలెను.

పోల్చుటకు బానిష్డ్ అను చిన్న క్రీడను చెప్పెదను. ఒకే వ్యక్తి నిర్మించిన ఈ క్రీడ 2014లో వచ్చినది. అందు అంతస్తులు లేవు, నాణెములు లేవు, పన్నులు లేవు. వెలివేయబడిన కొన్ని కుటుంబములు అడవిలో ఊరు కట్టుకొందురు. తిండి, వంటచెరకు, బట్ట, పనిముట్లు - ఇవియే అవసరములు. వీనిని సంపాదించువారును ఆ జనమే. నేను దానిలో ధాన్యపుకొట్లు నింపుటయందే దృష్టి నిలిపి క్రొత్త యిండ్లు కట్టించుట మరచితిని. ఇల్లు లేక పడుచువారు వేరు కాపురములు పెట్టలేదు, పిల్లలు పుట్టలేదు, కొన్నియేండ్లకు ఊరంతయు ముదుసలులే మిగిలిరి, వారు ఒక్కరొక్కరే పోవగా దున్నువాడు లేక, నిండిన కొట్లు కూడ ఖాళీయైనవి. శిక్ష ఆలస్యముగా వచ్చినది గాని న్యాయముగా వచ్చినది. అవసరమును తీర్చునది మరియొకని శ్రమయే యని ఆ బీదక్రీడ ఎరుగును. అన్నో వైభవమునకు ఆ ఎరుక లేదు.

అన్నో 1404 ప్రతిభ వేరొక చోట నున్నది. దానిని చెప్పకపోవుట అన్యాయము. పౌరుడు మిరియము వంటి సుగంధద్రవ్యము కోరినంతనే పడమటి దీవులలో ఎంత వెదకినను అది దొరకదు. ఓడ కట్టించి ప్రాచ్యదేశమునకు పోవలెను; అచటి వజీరు మన్నన సంపాదించవలెను; ఎడారిదీవిలో నీటియంత్రము నిలిపి నేలను తడుపవలెను; పండిన సరకును మరల పడమటికి తేవలెను. శ్రేష్ఠికి పుస్తకము కావలెనన్న కాగితముతోపాటు నీలిమందు కావలెను, నీలియు తూర్పుదే. ఒక యింటిలోని చిన్న కోరిక రెండు సముద్రతీరములను కలుపుట ఆటగాడు తన చేతులతో చేయును. మలబారు మిరియము అలెగ్జాండ్రియా, వెనీసుల మీదుగా ఐరోపా భోజనశాలలకు చేరిన చరిత్రను నేను పుస్తకములలో చదివియుంటిని. ఓడ ఆలస్యమై నగరము సణుగుకొనునప్పుడు అది మొదటిసారి నా నరములకు తెలిసినది. మరియొక గుణము: క్రిందివారు తగినంత మంది లేక పైవారు ఏర్పడరు. ఇన్ని కర్షకగృహములకు ఇంతమందికే పైకెక్కు హక్కు అని క్రీడ లెక్క కట్టును. కులీనులు పెరుగవలెనన్న మరల కర్షకులకే ఇండ్లు కట్టవలెను. గోపురమునకు పునాది వలె కొలది మంది వైభవము పెక్కుమంది మీద నిలుచునని మాటలేకయే చెప్పినది.

కాని ఆ తూర్పునకు ఇచ్చిన స్థానమేమి? పశ్చిమమునకు నాలుగు మెట్లు, ప్రాచ్యమునకు రెండే: సంచారజీవులు, రాయబారులు. ఖర్జూరము, పాలు, తివాసీలు మొదటివారి అవసరములు. కాఫీ, ముత్యాలహారములు, అత్తరు, బాదముమిఠాయి రెండవవారివి. సంచారజీవులని పేరేగాని వారు స్థిరముగా ఇండ్లలోనే యుందురు, ఎచటికిని సంచరింపరు. రాయబారియనగా ఒకరు పంపగా వచ్చినవాడు. వాడు ఒక సమాజమునకు పైమెట్టెట్లగును? తూర్పున రైతు లేడు, శ్రేష్ఠి లేడు, పండితుడు లేడు. ఆ కాలపు తూర్పు రేవులకు తమ తమ పాలకులు, తమ తమ సుంకపు కట్టుబాట్లు ఉండెడివి. కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దిలో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము చదివినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుని సొత్తు వానిదే యనియు, తీసికొను సుంకమింతే యనియు అందు రాజు మాట యిచ్చినాడు. మాట యిచ్చుటకు ఒక వ్యక్తి కావలెను. క్రీడలోని తూర్పున వజీరు ఒక్కడే వ్యక్తి, మిగిలినది తోట.

ఇది ఆటయే కదా, ఇంత లెక్క యేల యని నా విద్యార్థి యనెను. దాస్యమును, ఆస్తిచట్టమును, కులవృత్తి సంఘములను అన్నింటిని కూర్చినచో ఎవడు ఆడును అని వాని ప్రశ్న. సమంజసమైన ప్రశ్నయే. పెద్దనను కూడ అరుణాస్పదమున పన్నులెంత యని ఎవరును అడుగలేదు. ప్రతి కల్పనయు కొంత విడుచును. అయితే ఏది విడిచినదో దానినిబట్టియే ఆ కల్పన ఎవరి కన్నుతో చూచుచున్నదో తెలియును. ఈ క్రీడ విడిచినది శ్రమను, బంధమును. ఉంచినది కోరికను, పన్నును. ఇవి రెండును ఏలికకు కనబడునవి. ఇది ప్రభువు మేడమీదనుండి చూచిన ఊరు.

ఆ చూపునకు ఇమడనివాడు ఒకడు ఈ క్రీడలో కలడు. అప్పుడప్పుడు ఒక ఓడ రేవునకు వచ్చి బిచ్చగాండ్రను దింపుదునని అడుగును. రానిత్తువా, పొమ్మందువా యని ఆటగాని ముందు ప్రశ్న నిలుచును. రానిచ్చినచో వారికి ధర్మసత్రము కట్టవలెను; చేపలు, సైడరు పెట్టవలెను. వారు పన్ను కట్టరు. వారికి అవసరమున్నది; పట్టికయు నున్నది; కాని కర్షకుని మెట్టు వారికి లేదు. అవసరము తీరినవాడు పైకెక్కునని క్రీడ తానే పెట్టిన సూత్రము ఇచట పనిచేయదు. నిర్మాతలకు ఈ చిక్కు తెలిసినట్లే యున్నది. బిచ్చగాండ్రను పోషించుటవలన ఇతరుల ఆరోహణపు హక్కులు పెరుగు మార్గమొకటి పెట్టి, దానమును కూడ లెక్కలోనికి తెచ్చిరి. నేను మొదటి ఓడను రానిచ్చితిని, ఆ సంగతి ఎరుగక. సంగతి తెలిసిన పిమ్మట వచ్చిన ఓడను కూడ రానిచ్చితిని. రెండవసారి ఎందుకు రానిచ్చితినో నాకే స్పష్టముగా తెలియదు.